తలంటు వెనక రసాయనం

నూనె పట్టించిన తల మీద ఎన్ని చెంబుల వేణ్ణీళ్ళు గుమ్మరించినా జిడ్డు కదలదు. నీటి అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నూనెకు వాటి మధ్య చోటు దొరకదు. ఈ రెంటికీ పొత్తు కుదరాలంటే మధ్యలో మరో అణువు కావాలి. దాని ఒక కొస నీటిలో కలవాలి, రెండో కొస నూనెను పట్టుకోవాలి. సబ్బు, షాంపూ, కుంకుడుకాయ మూడూ పనిచేసేది ఈ సూత్రం మీదే. తేడా అంతా ఆ మధ్య అణువు నిర్మాణంలో ఉంది.

ఇంట్లో షాంపూ తయారు చేసుకోవాలనుకునేవాళ్ళు ముందుగా పట్టించుకోవలసిన సంగతి ఇది. ఎవరి దగ్గరైనా తలస్నానపు పొడి ఎలా చేస్తారని అడిగితే పది పదిహేను దినుసుల పేర్లు చెబుతారు: కుంకుడు, శీకాయ, పెసరపిండి, మెంతులు, ఉసిరి, మందార, గుంటగలగర, వేపాకు, వట్టివేళ్ళు, కచ్చూరాలు, ఇంకా ఎన్నో. వీటిలో జిడ్డును నిజంగా వదలగొట్టేవి రెండే, కుంకుడూ శీకాయా. పెసరపిండి నూనెను కొంత పీల్చుకుంటుంది. మిగిలినవి వెంట్రుకలను మెత్తబరచడానికో, వాసనకో, నమ్మకానికో వేసేవి. కుంకుడూ శీకాయా లేకుండా మందారాకు, కలబంద మాత్రమే నూరి పెట్టుకుని "హెర్బల్ షాంపూ పనిచెయ్యలేదు" అంటే తప్పు మూలికలది కాదు.

కుంకుడు చెట్టు లిచీ పండు కుటుంబానికి చెందింది. దక్షిణాదిన పొడి అడవుల్లో, పొలం గట్ల మీద, పాత ఇళ్ళ పెరళ్ళలో పెరుగుతుంది. ఉత్తరాదిన రీఠా అని అమ్మే కాయ దీని దగ్గరి బంధువు. పండిన కాయ ఎండితే పైపెచ్చు ముడతలు పడి, బంక బంకగా, తేనె రంగులోకో ముదురు గోధుమ రంగులోకో మారుతుంది. లోపల నల్లగా, నున్నగా, రాయిలా గట్టి గింజ. మనకు పనికొచ్చేది ఆ పెచ్చు. ఎండిన పెచ్చు బరువులో సుమారు పదో వంతు సాపోనిన్లు ఉంటాయి. గింజలో ఉన్నది నూనె. కాయను గింజతో సహా మిక్సీలో వేసి తిప్పితే మిక్సీ బ్లేడు పాడవడమే కాక, వదిలించుకోవాలనుకున్న జిడ్డును మనమే కొంత కలుపుకున్నట్టవుతుంది.

సాపోనిన్ అణువులో నడుమ కర్బన వలయాలు అల్లుకున్న ఒక పెద్ద ముద్ద ఉంటుంది. అది నూనె వైపు మొగ్గుతుంది. దానికి తగిలించి చక్కెర అణువుల గొలుసు ఉంటుంది. చక్కెర నీటిలో ఎంత సులువుగా కరుగుతుందో తెలిసిందే కాబట్టి ఆ గొలుసు నీటి వైపు తిరుగుతుంది. ఇలాంటి అణువులు నీటి ఉపరితలం మీద చేరి దాని బిగువును సడలిస్తాయి. గాలి లోపలికి దూరితే నురగ కడతాయి. నీటిలో తగినన్ని ఉన్నప్పుడు మాత్రం మరో పని కూడా చేస్తాయి. నూనె కొసలు లోపలికీ, చక్కెర కొసలు బయటికీ తిప్పి చిన్న చిన్న గుంపులు కడతాయి. వీటిని మిసెల్స్ అంటారు. జిడ్డు ఈ గుంపుల నడుమ చిక్కుకుని నీళ్ళతో పాటు జారిపోతుంది.

"తగినన్ని ఉన్నప్పుడు" అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. సాపోనిన్ గాఢత ఒక హద్దు దాటేదాకా మిసెల్స్ ఏర్పడవు. నాలుగు కాయలు బకెట్ నీళ్ళలో పిసికి తల మీద పోసుకుంటే కాస్త నురగ కనిపించవచ్చు, జిడ్డు మాత్రం అక్కడే ఉంటుంది. కుంకుడుతో తల జిడ్డు వదలదని చెప్పేవాళ్ళలో చాలామంది చేసే పొరపాటు ఈ పలచదనమే. నురగ సంగతి కూడా తెలుసుకోవాలి. నూనె నురగను అణిచేస్తుంది. నూనె తలకు మొదటిసారి రసం పట్టించినప్పుడు నురగ రాదు, రెండోసారి పొంగుతుంది. రెండోసారి నురగ వచ్చిందంటే మొదటి వాయి తన పని చేసిందని అర్థం.

సబ్బుకూ కుంకుడుకూ ఉన్న అసలు తేడా బోరు నీళ్ళలో బయటపడుతుంది. తెలంగాణలో, రాయలసీమలో, ప్రకాశం వైపు బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో బకెట్ల అంచున తెల్లటి పొర కడుతుంది. కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల వచ్చే ఈ గుణాన్ని కఠినత్వం అంటారు. తాగే నీటిలో ఇది లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీరు దొరకని చోట 600 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. సబ్బు అణువులో నీటి వైపు కొస ఋణావేశంతో ఉంటుంది. కాల్షియం దాన్ని పట్టుకుని, నీటిలో కరగని తెట్టుగా మార్చేస్తుంది. సబ్బుతో తలంటుకుంటే వెంట్రుకలు బిరుసెక్కి, మసకబారి, దువ్వెనకు తెల్లగా ఏదో అంటుకోవడానికి కారణం ఈ తెట్టే. కుంకుడు సాపోనిన్‌లో నీటిని పట్టుకునేది ఆవేశం లేని చక్కెర గొలుసు. కాల్షియానికి అక్కడ పట్టు దొరకదు.

ఇది ఇంట్లోనే చూడవచ్చు. రెండు సీసాల్లో సగం దాకా బోరు నీళ్ళు పోయండి. ఒకదాంట్లో ఒంటి సబ్బు తురుము కొద్దిగా, రెండోదాంట్లో వడగట్టిన కుంకుడు రసం రెండు చెంచాలు వేసి మూత బిగించి గిలకొట్టండి. సబ్బు సీసాలో నీళ్ళు పాలలా విరిగి, పైన తెట్టు తేలుతుంది. కుంకుడు సీసాలో నురగ నిలుస్తుంది, కింద నీళ్ళు తమ లేత గోధుమ రంగులోనే ఉంటాయి. బడిలో రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులు కఠిన జలం పాఠానికి ఈ ప్రయోగం చేయించాలని నా కోరిక. ఖర్చు లేదు, ప్రమాదం లేదు, పిల్లలు కళ్ళతో చూసినది మరిచిపోరు.

ఇక్కడ షాంపూకి దక్కవలసిన న్యాయం కూడా చెప్పాలి. 1930లలో సబ్బు కాని కృత్రిమ డిటర్జెంట్లతో షాంపూలు వచ్చాయి. కఠిన జలంలో అవి కూడా సబ్బులా తెట్టు కట్టవు. తమిళనాట పుట్టిన షాంపూ సాషే 1980లలో ఊరూరికీ చేరి, కుంకుళ్ళు కొట్టే పనిని ఇళ్ళలోంచి దాదాపు తరిమేసిందంటే ఆశ్చర్యం లేదు. అది త్వరగా అయ్యే పని, కళ్ళు అంతగా మండవు. షాంపూలో ఉన్నది కెమికల్, కుంకుడులో ఉన్నది కెమికల్ కాదు అనడం సరికాదు. సాపోనిన్ కూడా రసాయనమే. షాంపూలో వాడే సల్ఫేట్ డిటర్జెంట్లకు ముడిసరుకు తరచుగా కొబ్బరినూనో, తాటిజాతి గింజల నూనో. తూచవలసింది అది ఎక్కడ పుట్టిందన్నది కాదు, తల మీద ఏం చేస్తుందన్నది.

తల మీద ఏం జరుగుతుందో తెలియాలంటే వెంట్రుకను దగ్గరగా చూడాలి. వెంట్రుక కెరటిన్ అనే ప్రోటీన్. దాని పైన పలుచని పొలుసులు, పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉంటాయి. పొలుసులు ఒద్దికగా పడుకుని ఉంటే వెలుతురు సమంగా తిరిగి వచ్చి జుట్టు నిగనిగలాడుతుంది. అవి లేస్తే వెంట్రుకలు ఒకదాన్నొకటి గీరుకుని చిక్కులు పడతాయి. క్షారం తగిలితే వెంట్రుక ఉబ్బి పొలుసులు లేస్తాయి. సబ్బు నీరు క్షారం. తల చర్మం మీది పొర మాత్రం కొద్దిగా ఆమ్లం. కుంకుడు, శీకాయ రసాలు రెండూ ఆమ్లం వైపే ఉంటాయి, శీకాయ మరికాస్త ఎక్కువ. దీన్ని చూడటానికి వంటింటి పసుపు చాలు. తెల్ల కాగితం మీద పసుపు నీళ్ళు పూసి ఆరనివ్వండి. సబ్బు నీటి చుక్క పడితే అది ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రగా మారేది ఈ గుణం వల్లే. కుంకుడు రసం చుక్క పడిన చోట పసుపు పసుపుగానే ఉంటుంది.

పొడుగాటి జడ ఉన్నవాళ్ళకి ఇది మరీ ముఖ్యం. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. నడుం దాకా, అంటే 60 సెంటీమీటర్లు వేలాడే జడ కొస వయసు అయిదేళ్ళు. ఆ అయిదేళ్ళలో వారం వారం పడిన తలంట్లన్నీ ఆ కొస భరించింది. చర్మం దెబ్బతింటే మానుతుంది. వెంట్రుకలో జీవం లేదు కాబట్టి అది తనను తాను బాగుచేసుకోలేదు. అందుకే కడిగేది వీలైనంత సౌమ్యంగా ఉండాలి. పట్టుచీరలను కుంకుడు రసంలో ఉతకడం మన ఇళ్ళలో పాత అలవాటు. పట్టు కూడా వెంట్రుకలా ప్రోటీనే, క్షారం దానికీ పడదు. ఆ అలవాటు పెట్టినవాళ్ళకు ప్రోటీన్ అన్న మాట తెలియకపోయినా గమనిక మాత్రం నికార్సైనది.

ఇక తయారీకి వద్దాం. భుజాల దాకా జుట్టుకు పది పన్నెండు కాయలు, పెద్ద జడకు ఇరవై. ఒక్కొక్కటే రాతి మీద పెట్టి కొట్టి, గింజ తీసేయండి. పెచ్చులను అరలీటరు వేణ్ణీళ్ళలో వేయండి. సలసలా మరిగించనక్కర్లేదు, చేయి పట్టలేనంత వేడి ఉంటే చాలు. అరగంట నానాక చేత్తో బాగా పిసకండి. తెల్లవారి స్నానానికైతే రాత్రే నానబెట్టవచ్చు. పాత్ర స్టీలుదో మట్టిదో కావాలి. ఉసిరి, శీకాయ కలిపేటప్పుడు ఇనుప మూకుడు వాడితే రసం నల్లబడుతుంది. వాటిలోని టానిన్లు ఇనుముతో కలిసి నల్లటి రంగు పుట్టిస్తాయి. నెరిసిన జుట్టుకు ఆ నలుపే కావాలని ఇనుప పాత్రలో ఉసిరి నానబెట్టేవాళ్ళు ఉన్నారు, అది వేరే పని. పిసికిన రసాన్ని పలుచని గుడ్డలో వడగట్టాలి. ఈ పని బద్ధకించారంటే పీచు ముక్కలు జుట్టులో ఇరుక్కుని దువ్వెనకు రావు.

ఒట్టి కుంకుడు రసంతో అంటుకుంటే కొందరికి జుట్టు పొడిబారి పీచులా అనిపిస్తుంది. జిడ్డుతో పాటు ఉండవలసిన నూనె కూడా పోవడమే కారణం. దీనికి విరుగుడు జిగురు. ఒక చెంచా మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున మెత్తగా రుబ్బి రసంలో కలపండి. మెంతుల్లో గెలాక్టోమానన్ అనే పిండిజాతి పదార్థం ఉంది. అది నీటిని పీల్చి జిగటగా మారి, వెంట్రుక చుట్టూ పలుచని పొర కట్టి, వేళ్ళు జారేలా చేస్తుంది. గుప్పెడు మందారాకులు నలిపితే వచ్చే జిగురు పని కూడా ఇదే. రసం చిక్కబడి కారిపోకుండా తల మీద నిలవడం మరో లాభం. అన్నం గంజి కలపడం వెనక ఉన్న సంగతి కూడా దాదాపు ఇంతే, అక్కడ పొర కట్టేది గంజిలోని పిండి.

శీకాయ పొడి ఏడాదికి సరిపడా చేసుకోవచ్చు. కిలో శీకాయకు పావుకిలో కుంకుడు పెచ్చులు, పావుకిలో పెసలు, వంద గ్రాముల మెంతులు, దొరికితే ఎండిన మందార పూలు, ఉసిరి పెచ్చులు. అన్నీ విరిస్తే పెళుక్కున విరిగేదాకా ఎండలో పెట్టి మర పట్టించాలి. మర దగ్గర ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆ ధూళి తుమ్ములతో వదలదు. వాడేటప్పుడు కావలసినంత పొడి వేణ్ణీళ్ళలో గంట ముందు కలిపి వడగట్టండి.

ఈ పొడిలో వాసన కోసం చాలామంది బావంచాలు వేస్తారు. వేయవద్దని నా గట్టి సలహా. బావంచాల్లో సోరాలెన్లు అనే పదార్థాలు ఉన్నాయి. ఇవి చర్మంలోకి ఇంకాక ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మం కందిపోతుంది, బొబ్బలు రావచ్చు, ఆ తర్వాత నల్లటి మచ్చలు మిగులుతాయి. ఈ గుణాన్నే బొల్లి మచ్చలకు వైద్యంలో వాడతారు, అయితే అది కొలత ప్రకారం, డాక్టరు కనుసన్నల్లో. తలంటుకుని ఎండలో జుట్టు ఆరబెట్టుకునే అలవాటున్న ఇంట్లో బావంచాల పొడికి చోటు లేదు. నిమ్మరసం పిండుకునేవాళ్ళు కూడా జాగ్రత్తపడాలి. నిమ్మజాతి తొక్కల్లో ఇదే కుటుంబపు పదార్థాలు ఉంటాయి, పైగా నిమ్మరసం చర్మానికి మరీ పులుపు. వంటసోడా కలపమనే సలహా దీనికి ఎదురు దిక్కు తప్పు. అది రసాన్ని క్షారం వైపు తోసి, కుంకుడు వల్ల వచ్చే మేలును పోగొడుతుంది.

సీసాలో నిలవ చేసుకోవాలనే కోరికే అన్నిటికన్నా ఎక్కువ చిక్కు తెచ్చేది. పెచ్చులో చక్కెరలున్నాయి, రసంలో నీళ్ళున్నాయి. బూజుకూ ఈస్టుకూ బాక్టీరియాకూ ఇంతకన్నా ఏం కావాలి? మన వేసవిలో కుంకుడు రసం బయట పెడితే మర్నాటికే పులిసిన వాసన మొదలవుతుంది. మూత బిగించిన సీసా గ్యాసుతో ఉబ్బుతుంది. సాపోనిన్లు కొన్ని శిలీంధ్రాలను అడ్డుకుంటాయన్న మాట నిజమే, అయినా తమ రసాన్నే తాము కాపాడుకోలేవు. విటమిన్ ఇ గుళిక పిండితే నిలవ ఉంటుందని చెబుతుంటారు. అది నూనెలు ముక్కిపోకుండా ఆపేది మాత్రమే, సూక్ష్మజీవులను ఆపలేదు. నాలుగు చుక్కల సుగంధ తైలం వాసనను కప్పుతుంది, కుళ్ళును ఆపదు. చెడిపోయిన రసం గీరుకున్న తల మీదా కళ్ళలోనూ పడితే ఇన్ఫెక్షన్‌కు దారి. కాబట్టి రసం ఏ పూటకు ఆ పూటే. మిగిలితే ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు, లేదా ఐస్ ట్రేలో పోసి గడ్డ కట్టించి ఎప్పటికప్పుడు కరిగించుకోవడం. నిలవకు ప్రకృతి ఇచ్చిన రూపం ఎండిన కాయే. తడి తగలని డబ్బాలో అది ఏళ్ళ తరబడి ఉంటుంది.

కళ్ళ సంగతి. జీవకణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుజాతి పదార్థమే. జిడ్డును లాగే సాపోనిన్ ఆ పొరను కూడా కలవరపెడుతుంది. కంట్లో పడితే అంతగా మండేది అందుకే. తల వెనక్కి వంచి కడగండి, నుదుటికి తువ్వాలు చుట్టండి, పసిపిల్లలకు వాడకండి. కంట్లో పడితే నలపకుండా ధారగా మంచినీళ్ళతో కడుగుతూ ఉండాలి. ఎరుపు తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళాలి. చేపలకు సాపోనిన్ నేరుగా విషం, మొప్పలను దెబ్బతీస్తుంది. తలంటిన నీళ్ళు పెరటి మొక్కలకు పోవచ్చు, చేపల తొట్టికీ చెరువుకూ పోకూడదు.

కణాల పొరలతో ఇంత గట్టిగా తలపడే గుణాన్ని వైద్యశాస్త్రం మంచి పనికి మళ్ళించింది. చిలీ దేశంలో క్విలాయా అనే చెట్టు బెరడు నుంచి తీసిన సాపోనిన్లను టీకాల్లో కలుపుతారు. అవి శరీరపు రక్షణ వ్యవస్థను మేల్కొలిపి టీకా బలాన్ని పెంచుతాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పిల్లలకు సిఫారసు చేసిన మలేరియా టీకా ఆర్21లో ఈ సాపోనిన్లున్నాయి. దాన్ని తయారు చేస్తున్నది పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్. మన కుంకుడు సాపోనిన్లు అవి కావు. అయినా అదే తరహా అణువులు ఒకచోట తల జిడ్డు వదిలిస్తూ, మరోచోట ఆఫ్రికా పసిపిల్లల ప్రాణం కాపాడుతున్నాయని తలచుకుంటే నాకు మొక్కల రసాయనం మీద గౌరవం రెట్టింపవుతుంది.

కుంకుడు చేయలేనివి కూడా చెప్పకపోతే ఈ అధ్యాయం సగమే. అది జుట్టును పెంచదు. వెంట్రుక పుట్టేది చర్మం లోపలి కుదుళ్ళలో, పైన కడిగేది ఏదైనా అక్కడిదాకా వెళ్ళదు. కుప్పలుగా రాలుతుంటే రక్తహీనతో, థైరాయిడ్ లోపమో, ఈమధ్య వచ్చిన జ్వరమో, కాన్పో కారణం కావచ్చు. పరీక్ష చేయించుకోవాలి. చుండ్రు వెనక మలసీజియా అనే ఈస్టు పాత్ర ఉంది. తల శుభ్రంగా ఉంటే చుండ్రు తగ్గుతుంది కాని, ముదిరిన చుండ్రుకు మందు షాంపూయే కావాలి. సోరియాసిస్ ఉన్నవాళ్ళు, తలలో పుళ్ళున్నవాళ్ళు కుంకుడు జోలికి పోకపోవడం మంచిది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ముందు మోచేతి మడతలో కాస్త రాసి ఒక రోజు చూసుకోవాలి.

చివరిగా కొనుగోలు. బజారులో కుంకుడు పొడి, శీకాయ పొడి పేరుతో దొరికేవాటిలో పెచ్చు ఎంతో, గింజ ఎంతో, మట్టి ఎంతో కంటికి తెలియదు. కాయనైతే చూడగానే తెలుసుకోవచ్చు. పెచ్చు కాస్త మెరుస్తూ, నొక్కితే బంకగా ఉండాలి, ఊపితే లోపల గింజ గలగలలాడాలి. ఈ కాయల్లో పెద్ద భాగం అడవుల్లో గిరిజనులు ఏరి తెచ్చేవే. వాళ్ళ దగ్గర అటవీ ఉత్పత్తులు కొనడానికి 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. తెలంగాణకు ఇప్పుడు వేరే సంస్థ ఉంది. కుంకుళ్ళు, శీకాయ ఈ సంస్థలు కొనే సరుకుల్లో ఉన్నాయి. దగ్గర్లో వాటి దుకాణం ఉంటే అక్కడ అడగండి. పొడి కాకుండా కాయే కొనండి, వారానికోసారి పది కాయలు కొట్టుకునే ఓపిక తెచ్చుకోండి.